హుగ్లీనదిలో ఓడలకు దారిచూపినవారు

కలకత్తా సముద్రపుటొడ్డున లేదు. బంగాళాఖాతమునుండి వచ్చు ఓడ, నదీముఖమునకు వెలుపలి ఇసుకమేటలు మొదలు ఇంచుమించు 125 మైళ్లు నడచినగాని ఆ రేవు చేరజాలదు. హుగ్లీనది అడుగు కదలాడు ఇసుక. నిరుడు ఓడ పోయిన త్రోవలో ఈయేడు మేట వేసియుండవచ్చును. లంకభూములు కొలిచిన కరణములకు ఈ చిక్కు క్రొత్తగాదు. వఱద తీసిన పిమ్మట పాతహద్దులు వెదకుట వ్యర్థమే. అయితే మా తప్పును మరునాడు లెక్కలో దిద్దుకొనవచ్చును. పైలటునకు ఆ వీలు లేదు.

1694లో ‘రాయల్ జేమ్స్ అండ్ మేరీ’ యను ఓడ మిరియములతోను, చెన్నపట్టణమున ఎక్కించుకొన్న ఎఱ్ఱచెక్కతోను వచ్చి ఈ నదిలో మేటకు తగిలి బోల్తాపడెను. ఆ చెక్క మన రక్తచందనమే కాబోలు. దామోదర, రూపనారాయణ నదులు హుగ్లీలో కలియు తావుల నడుమనున్న ఆ మేటకు నాటినుండి ఆ ఓడపేరే నిలిచినది. ఇసుక తగిలిన ఓడ ఊరక నిలిచిపోవునని మనమనుకొందుము. అట్లుగాదు. అడుగు ఇసుకలో నాటుకొనగా పోటునీరు ప్రక్కనుండి త్రోసి ఓడను పొర్లించివేయును.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, పెద్దనదులలో నడచు మహానావలపై శాసకుడు, నియామకుడు మున్నగువారుండవలెనని విధించెను. సిబ్బంది చాలకగాని, మరమ్మతు లేకగాని నావ చెడినచో నష్టము నావధ్యక్షుడే పెట్టుకొనవలెను. హుగ్లీలో కుంపిణీవారి కాలమునుండి ఈ నియామకుని పని బెంగాల్ పైలట్ సర్వీసువారిది.

అందు చేరిన బాలుడు మొదట గుండుత్రాడు పట్టవలెను. సీసపుగుండు అడుగున క్రొవ్వు పూసి నీటిలో విసరి, ఇన్ని బారలని కేకవేయును. క్రొవ్వునకు అంటుకొని వచ్చినది ఇసుకయో, బురదయో చూచి నది అడుగును గుర్తించుచుండిరి. ఏండ్లకొలది ఇట్లు నేర్చి, పరీక్షనిచ్చి, తొలుత చిన్న ఓడలను, క్రమముగా పెద్దవానిని నడుపుటకు అనుమతి పొందుచుండిరి. అన్నిటికంటె పెద్ద ఓడలు బ్రాంచిపైలట్లకే. పైలటు మాట చొప్పుననే కప్తాను ఓడను నడుపవలెను. తెరచాపల కాలమున గాలి పడిపోయినను, చీకటి పడినను లంగరు వేసి పోటుకై కాచుకొనుటయే.

ఈ ఉద్యోగములు చిరకాలము తెల్లవారికే దక్కినవి. 1948లో ఆ సర్వీసు ముగిసెను. నేను చదివిన పుస్తకములలో పైలట్ల పేర్లు కలవు గాని, వారిని ఓడకు చేర్చిన మనదేశపు పడవవారి పేర్లు కానరాలేదు. నదీముఖమున పైలట్లు కాచుకొనియుండు నౌకనుండి చిన్నపడవను దింపి, అలలలో తెడ్లు వేసి వారే వానిని కొనిపోవుచుండిరి. పైలటు త్రాటినిచ్చెన నెక్కి ఓడపైకి పోవును. పడవవారు అదే కడలిలో వెనుకకు మరలవలెను.