జూలియస్ లాంగె – అభిముఖతానియమము

లక్ష్యములను జూడక సూత్రము చెప్పరాదని వ్యాకరణాధ్యేతలకు వేఱుగఁ దెలుపఁ బనిలేదు. ప్రతిమాశిల్పమునందు ఆ మార్గముననే నడచిన పండితుఁ డొకఁడు గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున డెన్మార్కు దేశమున నుండెను. ఆతఁడే జూలియస్ లాంగె.

ఇతఁడు 1838వ సంవత్సరమున వోర్డింగ్‌బోర్గు పట్టణమున జన్మించెను. ఇతని యన్న కార్ల్ లాంగె వైద్యుఁడు. శోకహర్షాదిభావములు శరీరవికారములకుఁ గారణములు గావనియు, వాని ఫలములే యనియు 1885లో వాదించి యాతఁడు ప్రసిద్ధుఁడయ్యెను. అన్న సజీవశరీరమును బరీక్షింపఁగాఁ దమ్ముఁడు శిలాశరీరములను బరీక్షించెను. కోపెన్‌హాగెన్ నగరమందలి కళాపరిషత్తునను విశ్వవిద్యాలయమునను లాంగె కళాచరిత్రను బోధించెను. విమర్శకాగ్రణియగు జార్జి బ్రాండెసు ఇతనికి మిత్రుఁడు. 1886లో సెర్గెల్, థోర్వాల్‌డ్‌సెన్ అను శిల్పులను గూర్చి యొక గ్రంథము వెలువరించెను. అవి యట్లుండనిండు.

1892లోఁ బ్రకటించిన ప్రబంధముననే యాతని కీర్తి నిలిచియున్నది. ప్రాచీనశిల్పులు మానవాకృతి నెట్లు నిర్మించి రనుట యందలి విషయము. మనుష్యప్రతిమయందు నడినెత్తి, ముక్కు, ఱొమ్ము, నాభి, వెన్నెముక – వీని గుండఁ బోవు నొక తలమును భావింపుఁడు. అది దేహమును గుడియెడమలుగా సమముగ విభజించును. ఈజిప్టు ప్రతిమలలోను, ఆదికాలపు గ్రీకుప్రతిమలలోను, ఆదిమజాతుల బొమ్మలలోను ఈ తలము ప్రక్కకు వంగదు, మెలికపడదు. ప్రతిమ నిలువనిండు, కూర్చుండనిండు, మోకరిల్లనిండు. ముందునకు వంగినను వంగవచ్చును. కాలుసేతు లెట్లైనఁ గదలవచ్చును. మధ్యతలము మాత్రము అవక్రము. దీనికే అభిముఖతానియమమని పేరు. అర్ధమాత్రాలాఘవమునకు మురియు మన వైయాకరణులు మెచ్చఁదగిన సంక్షేప మిది.

గ్రీకులలో క్రీ. పూ. 500 ప్రాంతమున నీ నియమము భగ్నమయ్యెను. ఏథెన్సు అక్రోపొలిసునందు దొరకిన, క్రీ. పూ. 480 ప్రాంతపుఁ గ్రిటియోసు బాలప్రతిమను జూడుఁడు. బరువంతయు నొక కాలిపైఁ బడినది. రెండవవైపు తుంటి దిగినది. తల యించుక తిరిగినది. ఆ యించుకలోనే యెంతయో యున్నది.

తరువాతి పండితులు ఈజిప్టు ప్రతిమలయందే కొన్ని వ్యభిచారములను జూపిరి. ఉత్సర్గమున కపవాద ముండుట దోషము గాదు. మన సమభంగమూర్తులు ఈ నియమము ననుసరించును, త్రిభంగమూర్తు లనుసరింపవు. మన శిల్పి రెండింటిని నెఱిఁగియే ప్రయోజనానుసారముగ నొకదానిని గ్రహించెను. కావున ఋజుత్వ మెల్లెడ నశక్తికి గుఱుతు గాదు. లాంగె తన గ్రంథనామముననే గ్రీకుశిల్పమును శిఖరముగాఁ బేర్కొనెను. ఆ తరతమనిర్ణయమును మే మంగీకరింపఁజాలము. సూత్రము వేఱు, మెప్పు వేఱు.

లక్ష్యము లెదుట లేనిచో విద్యార్థి సూత్రమును బరీక్షింపలేఁడు గదా! మూలప్రతిమలో, కైరో, ఏథెన్సు, రోము మొదలగు దూరనగరములం దున్నవి. అందుచేఁ బ్లాస్టరుతోఁ బోసిన యచ్చుప్రతిమలను బెక్కింటిని సేకరించి, 1895లో డెన్మార్కు ప్రభుత్వ కళాప్రదర్శనశాలయందు నెలకొల్పిరి. ఇందులకుఁ బూనుకొన్నవారిలో లాంగె ముఖ్యుఁడు. మరుసటి యేఁడే, 1896లో, ఆతఁడు మరణించెను.

నకళ్లని పిదపఁ బలువురు వీనిని దృణీకరించిరి. కాని వెన్నెముక వంగినదో లేదో ఛాయాచిత్రము చెప్పదు; ప్రతిమ వెనుకకుఁ బోయి చూడవలసినదే. రెండువేలకు మించిన యా యచ్చుప్రతిమలు కళాశాలనుండి తొలఁగింపఁబడి, 1984లోఁ గోపెన్‌హాగెన్ రేవునొద్ద, పూర్వము వెస్టిండీసు సరకులు నిలువచేసిన పాత గిడ్డంగికిఁ జేరినవి.