బియ్యపు గింజపై సెల్యులోజ్ పొర: ఒక విటమిన్ చరిత్ర

జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంతంలో మా తాతల నాటి నిత్యాహారం జొన్నన్నం. సాగర్ ఎడమ కాలువ నీరు వచ్చిన తరువాత వరి అన్నం పెరిగింది. మిల్లు బియ్యం నానాటికీ తెల్లబడింది. ఆ తెలుపు కోసం మనం పోగొట్టుకొన్నదేమిటి?

తవుడుతోపాటు పోయేవాటిలో ముఖ్యమైనది బి1 విటమిన్, అనగా థయమిన్. అది లోపిస్తే నరాలనూ గుండెనూ దెబ్బతీసే బెరిబెరి వస్తుంది. ఒకప్పుడు ఉత్తర సర్కారుల తీరంలో ఈ వ్యాధి పాతుకొని ఉండేది. కూనూరులో పరిశోధనలు సాగించిన మెకారిసన్, 1924లో నారిస్‌తో కలిసి, బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధాన్ని వివరించారు.

1936లో థయమిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరులోనే, ఒక మిషనరీ కుటుంబంలో జన్మించారు. 1940ల చివర ఫిలిప్పీన్స్‌లోని బతాన్‌లో, థయమిన్ పట్టించిన గింజలను మామూలు బియ్యంలో కలిపి ప్రజలకు అందించారు. బెరిబెరి మరణాలు బాగా తగ్గాయి.

అయితే ఒక చిక్కు ఉన్నది. థయమిన్ నీటిలో కరిగిపోతుంది. వేడికి, ముఖ్యంగా సోడా కలిసినప్పుడు, నశిస్తుంది. అందుకే బతాన్ గింజలపై మొక్కజొన్న మాంసకృత్తుతో పూత పూశారు. తదుపరి తరం శాస్త్రజ్ఞులు సెల్యులోజ్ నుండి తయారైన పూతలను పరీక్షించారు. వాటిలో మిథైల్ సెల్యులోజ్ గుణం విచిత్రమైనది: చన్నీటిలో కరుగుతుంది, వేడినీటిలో గడ్డకట్టి జిగురుపొరగా నిలుస్తుంది. అది విటమిన్ స్వభావాన్ని మార్చదు. మరుగునీటిలోకి జారిపోకుండా అడ్డుపడుతుంది. కాని కడుగునీరు చల్లనిది కనుక, నీటిలో కరగని మరొక పూత దానికి తోడుండాలి.

మన చౌకదుకాణాల బియ్యంలో కలిపిన పోషక గింజలు వేరు రకం. బియ్యపుపిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజలుగా ఒత్తినవి. వాటిని ప్లాస్టిక్ బియ్యమని భ్రమపడి ఏరి పారవేసిన ఇళ్లు ఉన్నాయి. పారవేసినది ప్లాస్టిక్ కాదు, బిడ్డల నోటి దగ్గరి పోషకం.

కాబట్టి పాఠకులకు నా మనవి: బియ్యాన్ని పదేపదే కడగకండి, గంజి వార్చి పారబోయకండి, పప్పులో సోడా వేయకండి. ఏ పూతా లేని మామూలు బియ్యానికి మన జాగ్రత్తే రక్షణ.