పొత్తిగుడ్డపై సిరా ముద్ర

1886వ సంవత్సరమున రేనర్ అను వైద్యుడు బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక వింత వృత్తాంతమును ప్రకటించెను. అప్పుడే పుట్టిన శిశువులు కొందరు నీలివర్ణము దాల్చిరి. కారణము వారికి కట్టిన పొత్తిగుడ్డలలో దొరికెను. గుర్తుకై వానిపై వేసిన ముద్ర సిరాలో అనిలిన్ అను రసాయనము కలదు.

నలుచదరపు నూలుగుడ్డను మూలకు మూల కలిపి ముక్కోణముగా మడిచి, నడుమునకు చుట్టి, క్రింది కొనను కాళ్ళ సందునుండి పైకి తీసి బిగించుట పాశ్చాత్యుల పద్ధతి. 1849లో అమెరికా దేశీయుడు వాల్టర్ హంట్ పిన్నీసుకు పేటెంటు పొందెను. తరువాత ఈ కట్టునకు అదియే సాధనమయ్యెను. మడతలు పెరిగినకొలది గుడ్డ తడిని ఎక్కువగా పీల్చును. కాని ఆ తడియు, ఒంటి వెచ్చదనమును కలిసి చర్మమును నానబెట్టి, గుడ్డలోని పదార్థములకు దారి యిచ్చును.

అట్లు లోనికి పోయిన అనిలిన్ శరీరములో మార్పు చెంది, హిమోగ్లోబిన్‌లోని ఇనుమును ఆమ్లజనిని మోయలేని స్థితికి తెచ్చును. రక్తము గోధుమరంగునకు తిరుగును. చర్మము నీలముగా కనబడును. ఇనుమును మరల యథాస్థితికి తెచ్చు ఎంజైము పెద్దలలోకంటె నవజాత శిశువులలో చాల తక్కువ. చిత్రమేమనగా, దీనికి మందుగా వచ్చినది కూడ ఒక రంగే: 1876లో కారో తయారుచేసిన మిథిలిన్ బ్లూ.

ముద్ర వేసిన గుడ్డను వాడుకకు ముందే ఉడికించి ఉతికిన ఈ ప్రమాదము తప్పును. అయినను 1945లో అమెరికా వైద్యులు ఇట్టివే పదునేడు సంఘటనలను ప్రకటింపవలసి వచ్చెను. పాతచీరలు చింపి పొత్తిగుడ్డలు చేయు తెలుగు తల్లులు మెత్తదనమునే కోరిరి. పలుమార్లు ఉతికిన గుడ్డలో కొత్త రంగు మిగులదన్నది అడుగకయే లభించిన లాభము.

అయితే ఉతుకుటయు ఒకప్పుడు విషమును తెచ్చినది. 1967లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఒక ఆసుపత్రిలో తొమ్మండుగురు శిశువులకు జ్వరము, విపరీతమైన చెమట, ఆయాసము కలిగెను, ఇద్దరు మరణించిరి. బూజు పట్టకుండ చాకిరేవులో కలిపిన పెంటాక్లోరోఫినాల్ గుడ్డలలో మిగిలియుండెను. 1980 ప్రాంతమున అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో ఒక లాండ్రీ అదే ఉద్దేశముతో పాదరసపు మందు వాడగా, వేలకొలది శిశువులకు దాని స్పర్శ కలిగెను. వారి మూత్రములో పాదరసము కనబడెను. అది హెచ్చినకొలది మూత్రపిండముల ఎంజైము ఒకటి కూడ మూత్రములోనికి హెచ్చుగా దిగెను. ఆ గుడ్డలు మానిన పిదప ఈ మార్పులు సర్దుకొనెను.