అమ్మమ్మ రూపాయలు తోమకండి

నిజాం రాజ్యం చూసిన పెద్దవాళ్ళ నోట "కల్దార్", "హాలీ" అనే మాటలు చాలాసార్లు విన్నాను. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి. ఆరు కల్దార్లకి ఏడు హాలీలు లెక్క. 'కల్' అంటే యంత్రం. యంత్రం మీద తయారైన రూపాయి కనక కల్దార్ అన్నారు. చెయ్యి చేసిందేదో, మర చేసిందేదో జనం పేరులోనే చెప్పేశారన్నమాట!

పాతకాలపు టంకశాల పని చూడ్డానికి సులువే. కింద ఒక అచ్చు, మధ్యన తూకం సరిచూసిన వెండి బిళ్ళ, పైన ఇంకో అచ్చు, సుత్తితో దెబ్బ. అయితే చాలాసార్లు అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుకని అక్షరాలన్నీ బిళ్ళ మీదకి దిగవు. ఒక రూపాయి మీద రాజుగారి పేరు సగం పడితే, ఇంకోదాని మీద ఊరి పేరు ఎగిరిపోతుంది. మొగలుల రూపాయలు కొనేవాళ్ళు ఇప్పటికీ ముందు చూసేది ఇదే: టంకశాల ఉన్న ఊరూ, సంవత్సరమూ కనిపిస్తున్నాయా, లేదా? ఒకే రోజు, ఒకే చెయ్యి కొట్టిన రెండు రూపాయల్లో ఒకటి వెండి ధరకి పోతే, రెండోది దానికి ఎన్నో రెట్లు పలకచ్చు. పాదుషాకి నజరానా ఇవ్వడానికి వెడల్పు బిళ్ళల మీద, అచ్చంతా దిగేలా ప్రత్యేకంగా కొట్టినవి కొన్ని ఉన్నాయి. వాటి ఊసు మనకెందుకు లెండి, మన ఇళ్ళల్లో దొరికేవి కావు.

హైదరాబాదులో 1903లో సైఫాబాద్ టంకశాల వచ్చింది. ఆ రోజుల్లోనే చార్మినార్ బొమ్మ రూపాయి పుట్టింది. మహబూబ్ అలీఖాన్ కాలపు రూపాయి మీద చార్మినార్ కమాను లోపల 'మీమ్' అనే అక్షరం చిన్నగా ఉంటుంది, ఆయన పేరులో మొదటిది. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక అక్కడ 'ఐన్' వచ్చింది. మొదట్లో ఆ అక్షరాన్ని సగమే చెక్కారు, తర్వాత పూర్తిగా చెక్కారు. సగం ఐన్ ఉన్నవి తక్కువ. చీర అంచులో ఒక్క పోగు తేడా పట్టేసే మన కళ్ళకి ఇది తెలుసుకోవడం కష్టం కాదు, భూతద్దం ఉంటే చాలు.

పాతదైతే చాలు, లక్షలు వస్తాయనుకుంటారు కొందరు. 1862 అని ఉన్న విక్టోరియా రాణి రూపాయిని పెట్టె అడుగున దాచుకున్నవాళ్ళు ఎందరో. 1874 దాకా అదే సంవత్సరం వేస్తూ పోయారు కనక అవి బోలెడున్నాయి. దానికంటే ఎంతో చిన్నదైన 1939 వెండి రూపాయి మాత్రం మహా అరుదు. అందుకే 1938ని 1939గా దిద్ది అమ్మే ప్రబుద్ధులు కూడా తయారయ్యారు.

ఇక అరుగుదల సంగతి. అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పాత సెంట్లకి ఒకటి నుంచి డెబ్భై దాకా మార్కులు పెట్టాడు. మనుషుల శరీరాలని మూడు రకాలుగా విడగొట్టిందీ ఈయనే, వర్గీకరణ పిచ్చి! మాటల్లో చెప్పే తరగతులూ ఉన్నాయి: గుడ్, ఫైన్, వెరీ ఫైన్, అలా అన్‌సర్క్యులేటెడ్ దాకా. 'గుడ్' అంటే బాగుందని మురిసిపోకండి. బొమ్మ అంతా అరిగి, ఆనవాలు మాత్రం మిగిలిందని అర్థం. పెళ్ళి సంబంధాల ఉత్తరాల్లో "పిల్ల పర్వాలేదు" అని రాసినట్టు! రాజు చెవి పైన జుట్టు, కిరీటం మీద పూసలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటే అప్పుడు ధర ఎక్కుతుంది. అన్‌సర్క్యులేటెడ్ అంటే చేతులు మారనిది.

మెరుపు చూసి కూడా మోసపోకూడదు. బొంబాయి, కలకత్తా టంకశాలలు దాచి ఉంచిన పాత అచ్చులతో, నాణేలు పోగుచేసేవాళ్ళ కోసం తర్వాతి కాలంలో మళ్ళీ కొట్టి ఇచ్చేవి. అవి అద్దంలా ఉంటాయి. అసలుదాని ధర వాటికి రాదు.

మనం చేసే అపచారం ఇంకోటుంది. దీపావళికి లక్ష్మీపూజ అనగానే వెండి రూపాయలన్నీ పళ్ళెంలో పోసి చింతపండు, ముగ్గు వేసి తళతళలాడేలా తోమేస్తాం. వందేళ్ళుగా పట్టిన ఆ నల్లటి పొర పోతుంది, కంటికి ఆనని గీతలు పడతాయి. కొనేవాడు వెలుతురులో ఒకసారి తిప్పి చూసి "తోమారా అమ్మా?" అంటాడు. సగం ధర అక్కడే పోయింది. పసుపూ కుంకుమా పెట్టండి, తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది తీసెయ్యండి. లక్ష్మీదేవి ఏమీ అనుకోదు.

మా పిన్నికి వాళ్ళ అత్తగారిచ్చిన కాసులపేరు ఉంది, అన్నీ జార్జి చక్రవర్తి సవరన్లే. ప్రతిదాని నెత్తినా టంకం వేసి కొక్కెం అతికించారు. టంకం పడ్డ కాసు పోగుచేసేవాళ్ళ లెక్కలో దెబ్బతిన్నదే. ఊడదీసినా మచ్చ పోదు. ఇంక దాని విలువ బంగారం తూకమే అని చెప్పాను. "అమ్మితే కదుటే ఆ లెక్కలన్నీ!" అని పెద్దకూతురి పెళ్ళికి అదే వేసుకుంది. దగ్గరగా చూశాను. మెడకి రాసుకుని చక్రవర్తి ముక్కు నున్నగా అరిగిపోయింది. వెనక వైపు గుర్రం మీద ఉన్న సెయింట్ జార్జి మాత్రం కత్తితో సహా కొత్తగా ఉన్నాడు.