బందరు లెడ్జరు నుంచి క్లస్టర్ దాకా

1923 నవంబరు 28న మచిలీపట్నంలో, అంటే బందరులో, ఆంధ్రా బ్యాంకు వ్యాపారం మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. స్థాపకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తిరీత్యా డాక్టరు. అంతకుముందే, 1915లో, ఆయన చొరవతో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు వచ్చింది. తర్వాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు. ఒక్క మనిషి పూనుకుంటే ఇన్ని ఆర్థిక సంస్థలు పుట్టడం చిన్న సంగతి కాదు.

ఆ బ్యాంకు పుట్టిన కృష్ణా డెల్టాలో ఇవాళ మిల్లు నడిపేవారికైనా, రొయ్యల వ్యాపారికైనా సాఫ్ట్‌వేర్ అమ్మేవారు క్లస్టర్ డేటాబేస్ గురించి చెబుతుంటారు. నాలుగు సర్వర్లు కలిసి ఒకే డేటాబేస్‌ను నడుపుతాయి, ఒకటి ఆగితే పక్కది అందుకుంటుంది, పని ఆగదు. మాట నిజమే. అది ఎవరికి అవసరమన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చాలావరకు బ్యాంకు లెక్కల చరిత్రలోనే ఉంది.

పాత రోజుల్లో ఖాతా అది తెరిచిన శాఖ సొత్తు. గుడివాడ శాఖలో డబ్బు దాచుకున్న రైతు బందరు శాఖకు వెళ్లి నేరుగా తీసుకునే వీలు లేదు; అవసరమైతే డ్రాఫ్టు తీసుకోవాల్సిందే. కౌంటరులో చెక్కు ఇస్తే చేతికి ఇత్తడి టోకెను వచ్చేది. గుమాస్తా బరువైన లెడ్జరు తెరిచి, ఆ పేజీ వెతికి, నిల్వ చూసి, చెక్కు మొత్తం తీసివేసి కొత్త నిల్వ రాసేవాడు. ఆఫీసరు సంతకం సరిచూసి, పద్దు పక్కన పొట్టి సంతకం పెట్టేవాడు. అదే చెక్కును ఇంకొకరు వేరే పుస్తకంలో ఎక్కించేవారు. సాయంత్రానికి రెండు పుస్తకాల మొత్తాలూ కలవాలి. పైసా తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి కూడుకోవాల్సిందే. ఈ పద్ధతిలో గమనించాల్సింది ఒకటుంది: ఆ పేజీ మీద ఒక క్షణంలో ఒకే చెయ్యి ఉండేది. పక్క ఊరి గుమాస్తాకు దానితో పనే లేదు. కాబట్టి శాఖలో ఉన్న ఆ ఒక్క లెడ్జరే సరిపోయింది, దశాబ్దాల పాటు సరిపోయింది.

1984లోనూ 1989లోనూ రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీలు బ్యాంకుల్లో కంప్యూటర్లకు దారి చూపాయి. అయినా మొదట్లో శాఖ కంప్యూటరులో ఆ శాఖ ఖాతాలే ఉండేవి. లెడ్జరు కాస్తా తెర అయింది, అంతే. 1998లో కేంద్ర విజిలెన్స్ కమిషనర్ ఎన్. విఠల్ గట్టిగా పట్టుబట్టారు. బ్యాంకు వ్యాపారంలో 70 శాతం 2001 జనవరి 1 కల్లా కంప్యూటర్లలోకి రావాలన్నారు. ఆ తర్వాత కోర్ బ్యాంకింగ్ వచ్చింది, ఖాతా శాఖను వదిలి డేటా సెంటరుకు వెళ్లింది. అవనిగడ్డలో తండ్రి చెక్కు ఇస్తున్న నిమిషంలోనే కొడుకు హైదరాబాదు ఏటీఎంలో కార్డు పెట్టవచ్చు, కూతురు అమెరికా నుంచి డబ్బు పంపవచ్చు. అందరికీ ఒకే నిల్వ కనిపించాలి. ఆ యంత్రం ఆగితే అన్ని శాఖలూ ఒకేసారి ఆగుతాయి. అలాంటి చోట కలిసి పనిచేసే సర్వర్లు కావాలా అని అడగాల్సిన పని లేదు.

ఈ విద్య కూడా కొత్తదేం కాదు. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1980ల మొదట్లోనే తన వాక్స్ యంత్రాలను జత చేసి క్లస్టర్‌గా అమ్మింది. ఒరాకిల్ 2001లో తన 9ఐ డేటాబేస్‌తో ‘రియల్ అప్లికేషన్ క్లస్టర్స్’ తెచ్చింది. ఇందులో సర్వర్లు అనేకం, స్టోరేజీ ఉమ్మడి. ఒక సర్వరు ఏదైనా మార్చాలంటే మిగతావాటితో మాట్లాడుకోవాలి. ప్రోగ్రాము సరిగా రాయకపోతే ఈ సంప్రదింపులకే సమయం పోయి, ఒక సర్వరు మీదకన్నా రెండింటి మీద పని నెమ్మదించవచ్చు. లైసెన్సు ఖర్చు, దాన్ని చూసుకునే నిపుణుడి జీతం వేరే. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: ఎవరైనా పొరపాటున ఖాతాలు చెరిపేస్తే అన్ని సర్వర్లకూ అవి చెరిగిపోయినట్టే. క్లస్టర్ బ్యాకప్‌కు బదులు కాదు.

గుడివాడ దగ్గర ఒక రైస్ మిల్లు అనుకుందాం. ధాన్యం లారీ కాటా మీదికి వస్తుంది, బరువు కంప్యూటరులో పడుతుంది. అది అరగంట మొరాయిస్తే? బరువు చీటీ మీద రాసి, లారీని దింపుకుని, తర్వాత ఎక్కించుకుంటారు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేయించే వ్యాపారికైనా అంతే. చేత్తో రాసి నెట్టుకురాగలిగిన వ్యాపారానికి నమ్మకమైన ఒక సర్వరు, రోజూ తీసే బ్యాకప్, అప్పుడప్పుడు ఆ బ్యాకప్ తిరిగి తెరుచుకుంటోందో లేదో చూసే అలవాటు చాలు. చాలా చోట్ల లేనిది ఈ చివరిదే.

ఈ తీరానికి ఇంకో లెక్క కూడా ఉంది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన జనం గుండెల్లో ఇంకా పచ్చిగానే ఉంది. వేల ప్రాణాలు పోయాయి. అలాంటి నీటి ముందు ఒకే గదిలో పక్కపక్కనే ఉన్న నాలుగు సర్వర్లు నాలుగూ తడుస్తాయి. 1611లో మచిలీపట్నంలో దిగిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఓడలు మునుగుతాయని తెలుసు. అందుకే ముఖ్యమైన ఉత్తరాల నకళ్లు వేర్వేరు ఓడల్లో పంపేది. దాని మచిలీపట్నం కొలువు 1682-83లో రాసుకున్న సంప్రదింపుల పుస్తకం మద్రాసు రికార్డుల్లో నిలిచి, 1916లో అచ్చయింది. తీరానికి ఒక నకలు దూరంగా ఉండడం క్లస్టర్ కన్నా ముందు అవసరం, ఖర్చూ తక్కువ.

ఇదే ప్రశ్న సహకార సంఘాలకూ వస్తుంది. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించడానికి 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. నాబార్డు ఆధ్వర్యంలో అందరికీ ఉమ్మడి సాఫ్ట్‌వేర్. అన్ని సంఘాల బరువూ మోసే పెద్ద యంత్రాల సంగతి అక్కడ కేంద్ర స్థానంలో చూసుకుంటారు. నాగాయలంక వైపు సంఘం కార్యదర్శికి కావలసినవి ఒక ఇన్వర్టరు, రెండో కంపెనీ ఇంటర్నెట్ కనెక్షను, కరెంటు పోయిన పూట యూరియా బస్తాలు రాసుకోవడానికి నంబర్లు వేసిన రశీదు పుస్తకం, మర్నాడు వాటిని వరుస తప్పకుండా కంప్యూటరులోకి ఎక్కించే ఒక మనిషి.