సంతకానికి పిలిచిన చుట్టాలు

2011లో నేను చదువుకోడానికి ఇల్లు వదిలిన రోజు నాతో అమ్మ వచ్చింది. ఆత్మకూరులో తెల్లవారుజాము బస్సు, ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లాస్టిక్ బకెట్, స్టీలు క్యారియర్‌లో పులిహోర. గేటు దగ్గర వాచ్‌మన్ "స్టూడెంట్ ఒక్కరే లోపలికి" అన్నాడు. "నువ్వు పో నాయనా, నేను ఈడనే ఉంటా" అని అమ్మ వేపచెట్టు కింద పెట్టె మీద కూర్చుంది. మూడు గంటల తర్వాత లోపల ఒక కౌంటర్‌లో నా ఫైలు ఆగింది. ర్యాగింగ్ అఫిడవిట్ మీద పేరెంట్ సంతకం లేదు. అప్పుడు పరిగెత్తుకెళ్లి అమ్మని పిలుచుకొచ్చాను. కౌంటర్‌లో ఉన్నాయన ఆమె వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండానే ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు. అమ్మ ప్యాడ్‌ని పక్కకి పెట్టి పెన్ను అడిగింది. ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పేరు రాసింది. "సరేనమ్మా, ఇంక మీరు వెళ్లొచ్చు" అన్నాడాయన.

అది ఏ కాలేజీ అన్నది ముఖ్యం కాదు, ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. చాలా ఏళ్ల వరకూ అందులో తప్పేముందో నాకూ తట్టలేదు. పిల్లల్ని చదువుకి పంపే ఇంటివాళ్లని మన చదువుల చోట్లు ఏ రకం చుట్టాలుగా చూశాయి అన్న ప్రశ్న వచ్చాకే ఆ మధ్యాహ్నం మళ్లీ గుర్తొచ్చింది. పడమటి నెల్లూరు మెట్ట ప్రాంతంలో ఈ ప్రశ్నకి చిన్న చరిత్రే ఉంది.

ఉదయగిరి అనగానే అందరికీ గుర్తొచ్చేది దుర్గం, 1514లో దాన్ని గజపతుల నుంచి గెలుచుకున్న కృష్ణదేవరాయలు. దానికి కొన్ని దశాబ్దాల ముందే ఆ ఊరికి ఇంకో రకం పేరుంది. ఉదయగిరి రాజుల దగ్గర మంత్రిగా ఉన్న గంగయ చుట్టూ కవులు చేరారు. నంది మల్లయ, ఘంట సింగన కలిసి రాసిన ప్రబోధచంద్రోదయం ఆయనకి అంకితం. శ్రీనాథుడి బావమరిది దుగ్గన రాసిన నాచికేతోపాఖ్యానం కూడా ఆ ఉదయగిరి మంత్రికే చేరింది. దుగ్గన చెప్పింది పురాణాల దారిలో సాగే కథ. మనలో ఎక్కువమందికి తెలిసింది కఠోపనిషత్తులోది. అందులో తండ్రి కోపంలో "నిన్ను యముడికిస్తా" అంటాడు, పిల్లవాడు నిజంగానే బయల్దేరతాడు. వెళ్లేసరికి యముడు ఇంట్లో లేడు. తిండీ నీళ్లూ లేకుండా మూడు రాత్రులు గుమ్మం దగ్గరే ఉండిపోతాడు. తిరిగొచ్చిన యముడు నొచ్చుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిస్తానంటాడు.

ఈ కథలో మనం ఎప్పుడూ మూడో వరం గురించే మాట్లాడతాం, చావు తర్వాత ఏముందన్న ప్రశ్న గురించి. మొదటి వరం అంతకంటే దగ్గరిది. మా నాన్న మనసు కుదుటపడాలి, నేను తిరిగెళ్లినప్పుడు నన్ను గుర్తుపట్టి పలకరించాలి అంటాడు నచికేతుడు. కొత్త గురువు ఇంటి గుమ్మంలో నిలబడ్డ విద్యార్థి ముందుగా అడిగింది ఇంటి గురించి. గురువు కూడా "అదంతా నాకెందుకు" అనలేదు. ముందు ఆ పని చేశాకే పాఠం మొదలైంది. చదువుకుని తిరిగొచ్చిన పిల్లల్ని ఇంటివాళ్లు గుర్తుపట్టలేకపోవడం అనే భయం ఎంత పాతదో చూడండి.

ఇక కాస్త దగ్గరి కాలానికి వస్తే, వారాలు చెయ్యడం అనే పద్ధతి ఉండేది. ఇప్పటి పిల్లలకి ఆ మాట తెలియకపోవచ్చు. పరాయి ఊళ్లో చదువుకునే పేదపిల్లవాడు సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా వారమంతా తలో ఇంట్లో భోంచేసేవాడు. టంగుటూరి ప్రకాశం తండ్రి పోయాక తల్లితో ఒంగోలు చేరాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. తల్లి పూటకూళ్ల ఇల్లు పెట్టింది, కొడుకు వారాలకి కుదిరాడు. చదువుకొచ్చిన పిల్లవాణ్ణి ఊరే ఇంట్లోకి పిలిచి విస్తరేసిన పద్ధతి ఇది. అలాగని మురిసిపోవడానికి లేదు. ఆ విస్తరి ముందు కులం కూర్చునేది. ఎవరింట్లో ఎవరు తినొచ్చో ముందే నిర్ణయమైపోయిన లోకంలో, వారాల అన్నం ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే అందింది. తక్కినవాళ్లు కుల హాస్టళ్లు వచ్చేదాకా, ఆ తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. హాస్టల్ కులాల పంక్తిని కొంత చెరిపింది. అయితే ఇల్లనేదాన్ని కూడా లెక్కలోంచి తీసేసింది. వార్డెన్‌కి తల్లిదండ్రులంటే ఆదివారం వచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్లు.

ఆ తర్వాత యూనివర్సిటీలు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక నెల్లూరు జిల్లా కాలేజీలు దాని కిందికి చేరాయి. ఉదయగిరి నుంచి నెల్లూరే దాదాపు వంద కిలోమీటర్లు, తిరుపతి ఇంకా కింద. డిగ్రీకి నెల్లూరు వి.ఆర్. కాలేజీకో, కావలి జవహర్ భారతికో వెళ్లేవాళ్లు. కె.వి. రమణారెడ్డి కావలిలోనే తెలుగు పాఠం చెప్పారు. పీజీ అంటే మటుకు తిరుపతి, లేదంటే కావలిలోని పీజీ సెంటర్. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చాక గానీ జిల్లాకి సొంత యూనివర్సిటీ లేదు. ఇన్ని దశాబ్దాలూ మెట్ట పల్లెల్లో యూనివర్సిటీ అంటే పిల్లలు వెళ్లే చోటు. పెద్దవాళ్లు దాన్ని చూసింది కాన్వొకేషన్ ఫోటోలోనే, అదీ ఎవరింట్లోనైనా గోడకి వేలాడితే.

ఇంటివాళ్లని యూనివర్సిటీ మొదటిసారి పేరు పెట్టి పిలవడానికి ఒక విషాదం కావాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి సీనియర్లు కొట్టిన దెబ్బలకి చనిపోయాక, అదే ఏడాది యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యార్థీ అఫిడవిట్ ఇవ్వాలి, తల్లో తండ్రో ఇంకొకటి ఇవ్వాలి. మొదటి సంవత్సరం పూర్తిచేసిన పిల్లల తల్లిదండ్రులకి సంస్థ అధిపతి ఉత్తరం రాయాలని కూడా అందులో ఉంది. మీ పిల్లలు వచ్చే ఏడాది సీనియర్లవుతారు, ర్యాగింగ్ జోలికి పోవద్దని చెప్పండి అని ఆ ఉత్తరం సారాంశం.

ఇవి అవసరమైన నిబంధనలు, కాదనడానికి లేదు. వాటివల్ల కొందరు పిల్లలైనా బతికి ఉంటారు. అయినా వాటిలో తల్లిదండ్రులు ఎవరో ఒకసారి చూడండి. పూచీదారులు. బ్యాంకు లోనుకి ష్యూరిటీ సంతకం పెట్టే మనిషి ఎలాగో, వీళ్లూ అలాగే. పిల్లవాడు తప్పు చేస్తే మాకూ తెలుసు అని ముందే ఒప్పుకోవాలి. మీ అబ్బాయి ఇక్కడ ఎవరితో ఉంటాడు, దిగులు పడితే ఎవరు చూస్తారు, మీకు ఎవరు ఫోన్ ఎత్తుతారు అని చెప్పే కాగితం మాత్రం ఆ ఫైలులో లేదు.

ఇప్పుడు అమ్మ సంతకం దగ్గరికి వస్తాను. ఆమె పుట్టిల్లు కలిగిరి వైపు. 1991లో జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దింది. ఆ కలిగిరి మండలంలోదే దూబగుంట. ఉదయగిరి నియోజకవర్గం కిందికే వస్తుంది. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందుండి, సారా అంగడి మూయించారు. పగలంతా కూలికెళ్లి రాత్రి పలక పట్టుకున్న ఆడవాళ్లు తమ బతుకు గురించే చదువుకున్నారు, మాట్లాడుకున్నారు, కర్రలు పట్టుకుని కదిలారు. వాళ్లు చేసిన పనే తర్వాతి వాచకంలో పాఠమై పక్క ఊళ్లకి పాకింది. సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. అది రెండేళ్లకే సడలిపోయిందన్నది వేరే కథ.

ఈ ప్రాంతంలో చదువు ఇంటివాళ్లని నిజంగా లోపలికి పిలిచింది ఆ ఒక్కసారే అని నాకనిపిస్తుంది. రాత్రి బడిలో ఆడవాళ్లని కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఏం జరుగుతోంది అని అడిగారు. వాళ్లు చెప్పిందే పాఠమైంది. ప్రభుత్వాలు దిగొచ్చేంత పని చేసింది ఆ పాఠం. అలాంటి తరం ఆడవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని కాలేజీలకి వస్తే, వాళ్ల ముందుకి ఇంకు ప్యాడ్ జరిగింది.

ఈ మధ్య కొంత మారింది. 2017-18 నుంచి ఏఐసీటీఈ ఇంజనీరింగ్ కాలేజీల్లో మూడు వారాల ఇండక్షన్ పెట్టింది, 2019లో యూజీసీ 'దీక్షారంభ్' తెచ్చింది. చాలా చోట్ల మొదటిరోజు తల్లిదండ్రుల్ని కూడా ఆడిటోరియంలో కూర్చోబెడుతున్నారు. ఏసీ హాలు, బొకేలు, ప్లేస్‌మెంట్ల మీద పవర్‌పాయింట్, చివర్లో స్నాక్స్ ప్యాకెట్. గేటు బయట చెట్టు కంటే నయమే. అయితే ఆ హాల్లో మైకు ఒకవైపే ఉంటుంది. వెనక వరసల్లో కూర్చున్న ఉదయగిరి, సీతారామపురం రైతులు ఇంగ్లీషు స్లైడ్లు చూసి చప్పట్లు కొట్టి లేస్తారు. తమ పిల్ల గురించి వాళ్లకి తెలిసింది వాళ్లతోనే బస్సెక్కి వెళ్లిపోతుంది. ఏ పాఠానికి భయపడుతుంది, ఎప్పుడు అన్నం మానేస్తుంది, ఎవరి మాట వింటుంది అన్నవి.

ఇంతలో దారి తిరగబడింది. ఆత్మకూరు ఎమ్మెల్యేగా, మంత్రిగా ఉన్న మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరిలో చనిపోయాక, ఉదయగిరిలో వాళ్ల కుటుంబానికి ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ ప్రాంగణం ప్రభుత్వానికి ఇచ్చారు. ఇప్పుడక్కడ ఆయన పేరుతో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కళాశాల నడుస్తోంది. అంటే ట్రంకు పెట్టెలతో ఆ దారినే వచ్చేవాళ్లు ఇప్పుడు బయటి జిల్లాల వాళ్లు, దుర్గం కింద దిగి ఆటో అడిగేవాళ్లు. ఇన్నాళ్లూ చుట్టాలుగా వెళ్లిన ఊరు ఇప్పుడు ఇంటివాళ్ల ఊరైంది.

వ్యవసాయ డిగ్రీలో ఒక మంచి ఏర్పాటుంది. చివరి ఏడాదిలో విద్యార్థులు పల్లెకెళ్లి ఉండాలి. ఒక్కొక్కరికి ఒక రైతుని జతచేస్తారు. ఆయన పొలంలో విత్తనం నుంచి కోత దాకా దగ్గరుండి చూసి నేర్చుకోవాలి. ఆ కుటుంబాన్ని విశ్వవిద్యాలయం పిలిచే మాట 'ఆతిథ్య రైతు'. మూడేళ్ల చదువయ్యాక యూనివర్సిటీ తన పిల్లల్ని రైతింటికి పంపి, వీళ్లకి నేర్పండి అని అడుగుతోందన్నమాట. రైతులు అఫిడవిట్ అడగరు. ముందు మంచినీళ్లిస్తారు, ఏ ఊరు నాయనా అంటారు, ఆ తర్వాత పొలం చూపిస్తారు.

చివరి ఏడాది రైతు చేసే ఈ పని మొదటి రోజు కాలేజీ చెయ్యలేదా? ఇందుకు పెద్ద ఖర్చేం లేదు. వచ్చినవాళ్లకి ఓ కుర్చీ, నీళ్లు, తెలుగులో మాట్లాడే ఒక మనిషి, రాత్రిపూట కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు. తర్వాత ఒక్క ప్రశ్న: మీ పిల్ల గురించి మాకు చెప్పండి. చెప్పింది రాసుకోవాలి కూడా.

అమ్మని ఈ మధ్య అడిగాను, ఆ రోజు కౌంటర్ దగ్గర కోపం రాలేదా అని. "కోపమెందుకురా, నాకు రాయడం వచ్చని ఆయనకేం తెలుసు?" అంది. కాసేపాగి, "అడిగుంటే తెలిసేది" అంది.