కొలువు నేర్పిన ఆట: కరీబియన్ క్రికెట్‌లో టెస్టు, టీ20, వలస

2009 అక్టోబర్‌లో హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో కీరన్ పొలార్డ్ అనే 22 ఏళ్ల కుర్రాడు న్యూ సౌత్ వేల్స్ బౌలర్లను ఉతికి 18 బంతుల్లో 54 పరుగులు చేశాడు. అతని జట్టు ట్రినిడాడ్ అండ్ టొబాగో ఆ మ్యాచ్ నెగ్గింది. తర్వాత అదే మైదానంలో, అదే ప్రత్యర్థితో జరిగిన ఫైనల్లో ఓడింది. ఓటమిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010 జనవరి వేలంలో ముంబై ఇండియన్స్ పొలార్డ్‌ను అప్పటి గరిష్ఠ పరిమితి 7.5 లక్షల డాలర్లు పెట్టి తీసుకుంది. ఆ తర్వాత అతను దేశదేశాల లీగుల్లో ఆడాడు, వన్డేల్లోనూ టీ20ల్లోనూ వెస్టిండీస్‌కు కెప్టెన్ అయ్యాడు. టెస్టు మాత్రం ఒక్కటీ ఆడకుండానే అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకున్నాడు.

క్లైవ్ లాయిడ్, వివ్ రిచర్డ్స్, మాల్కమ్ మార్షల్‌లను కన్న ద్వీపాల్లో ఇలాంటి జీవితం ఎలా సాధ్యమైందన్నదే ఈ వ్యాసం వెతికే విషయం. 1980 మార్చి తర్వాత 1995 దాకా వెస్టిండీస్ ఒక్క టెస్టు సిరీస్ కూడా ఓడలేదు. అదే వెస్టిండీస్ 2012లో కొలంబోలో, 2016లో కోల్‌కతాలో పొట్టి ప్రపంచకప్పులు గెలిచే నాటికి టెస్టు ర్యాంకుల్లో అట్టడుగుకు దగ్గరగా ఉంది. దీనికి వినిపించే జవాబు ఒకటుంది: కరీబియన్ ఆటగాడిది ఉల్లాస స్వభావం, కాలిప్సో పాటలా ఆడతాడు, ఓపిక తక్కువ, అందుకే ఇరవై ఓవర్లు అతని ఒంటికి సరిపోయాయి.

ఈ జవాబు ఎంత పాతదో అంత పనికిమాలినది. లాయిడ్ నలుగురు పేసర్లతో నడిపిన దాడిలో ఉల్లాసం కంటే క్రమశిక్షణే ఎక్కువ. సెషన్ల తరబడి ఒకే లెంగ్త్ పట్టుకుని బ్యాటర్‌ను అలసిపోగొట్టే ఆట అది. క్రీజులో పాతుకుపోయి టెస్టుల్లో 11,867 పరుగులు చేసిన శివనారాయణ్ చందర్‌పాల్ గయానా బిడ్డే. టీ20కి మారుపేరైన క్రిస్ గేల్‌నే తీసుకోండి. ఐపీఎల్‌లో 66 బంతుల్లో 175 కొట్టిన ఆ మనిషే టెస్టుల్లో రెండు త్రిశతకాలు బాదాడు: 2005లో ఆంటిగ్వాలో 317, 2010లో గాలెలో 333. టెస్టు క్రికెట్ అంతరించినా తాను అంతగా బాధపడనని 2009లో చెప్పి దుమారం రేపిందీ అతనే. ఆ మాట అన్న మరుసటి సంవత్సరమే 333 కొట్టాడు. స్వభావం మీద సిద్ధాంతం కట్టేవాళ్లు ఈ ఒక్క మనిషిని ఏ గూట్లో పెడతారో చెప్పాలి.

నా వాదన వేరు. కరీబియన్ క్రికెటర్ మొదటి నుంచీ వలస కార్మికుడు. అతని ఆట పొట్టిదా పొడుగుదా అన్నది అతనికి జీతమిచ్చే విదేశీ యజమాని అవసరాన్ని బట్టి మారింది.

ట్రినిడాడ్ ఆల్‌రౌండర్ లీరీ కాన్‌స్టంటైన్ 1929లో ఇంగ్లండ్‌లోని నెల్సన్ క్లబ్‌కు వృత్తి ఆటగాడిగా వెళ్లాడు. లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్లలో శనివారం మధ్యాహ్నం ఆడే లీగ్ క్రికెట్ అది, ఒక్క పూటలో ముగిసిపోయేది. అంటే కరీబియన్ క్రికెటర్‌కు దొరికిన తొలి పెద్ద ఉద్యోగమే పొట్టి ఆటలో! జార్జ్ హెడ్లీ హాస్లింగ్డెన్‌కు, ఆ తర్వాతి తరంలో ఫ్రాంక్ వోరెల్ రాడ్‌క్లిఫ్‌కు, ఎవర్టన్ వీక్స్ బేకప్‌కు, క్లైడ్ వాల్కాట్ ఎన్‌ఫీల్డ్‌కు అలాగే వెళ్లారు. వెస్టిండీస్ క్రికెట్‌ను వలస విముక్తి చరిత్రగా చదవడం నేర్పిన సీ.ఎల్.ఆర్. జేమ్స్ 1932లో ఇంగ్లండ్ చేరినప్పుడు తలదాచుకున్నది నెల్సన్‌లోని కాన్‌స్టంటైన్ ఇంట్లోనే. జేమ్స్ తొలి రాజకీయ గ్రంథం అచ్చుకు డబ్బు సాయం చేసిందీ కాన్‌స్టంటైనే. జాతీయ చైతన్యానికి సైతం లీగ్ జీతమే పెట్టుబడి పెట్టిందన్నమాట.

అసలు మలుపు 1968. ఆ ఏడాది ఇంగ్లిష్ కౌంటీలు నివాస నిబంధన సడలించి, విదేశీ ఆటగాళ్లను నేరుగా తీసుకోవడం మొదలుపెట్టాయి. వెస్టిండీస్ ఆల్‌రౌండర్ గ్యారీ సోబర్స్ నాటింగమ్‌షైర్‌లో చేరాడు. అదే వేసవిలో స్వాన్సీలో మాల్కమ్ నాష్ వేసిన ఓవర్లో ఆరు సిక్సర్లు కొట్టాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో తొలిసారి నమోదైన ఈ విన్యాసానికి వేదిక ఒక కౌంటీ మ్యాచ్ అన్నది గుర్తుంచుకోవాలి. లాయిడ్ లాంకషైర్‌కు, గ్రీనిడ్జ్, ఆండీ రాబర్ట్స్, తర్వాత మార్షల్ హ్యాంప్‌షైర్‌కు, రిచర్డ్స్, గార్నర్ సోమర్‌సెట్‌కు, హోల్డింగ్ డెర్బీషైర్‌కు ఆడారు.

ఈ కొలువుల విలువ తెలియాలంటే అదే కాలంలో స్వదేశంలో ఏముందో చూడాలి. కరీబియన్ ప్రాంతీయ ఫస్ట్ క్లాస్ టోర్నీ షెల్ షీల్డ్ 1966లో మొదలైంది. బార్బడోస్, గయానా, జమైకా, ట్రినిడాడ్, చిన్న ద్వీపాల ఉమ్మడి జట్టు కలిసి మొదట్లో ఐదు జట్లు. ఒక్కోటి మిగతా నాలుగింటితో ఒక్కసారి తలపడేది. అంటే సీజన్‌కు నాలుగు మ్యాచ్‌లు! మార్షల్ 1982 వేసవిలో హ్యాంప్‌షైర్ తరఫున ఒక్క సీజన్లోనే 134 ఫస్ట్ క్లాస్ వికెట్లు తీశాడు. ఆ రోజుల్లో కౌంటీ జట్టు ఒక వేసవిలో ఇరవైకి పైగా మూడు రోజుల మ్యాచ్‌లు ఆడేది. తడి పిచ్ మీద పొద్దున ఎలా వేయాలి, ఎండిపోయాక సాయంత్రం ఎలా వేయాలి, నొప్పితో మూడో స్పెల్ ఎలా పూర్తి చేయాలి అన్నవి వారానికి ఆరు రోజులు పని చేస్తూ వంటబట్టించుకున్న విద్యలు. స్వర్ణయుగంలో కూడా కరీబియన్ గడ్డ మీద పొడుగు ఆటకు బడి లేదు. బడి సముద్రం అవతల ఉండేది, ఫీజు కట్టక్కర్లేదు సరికదా ఎదురు జీతమిచ్చేది.

ఆస్ట్రేలియా టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ కథ కూడా ఈ కోవలోదే. 1977లో బోర్డులకు పోటీగా అతను పెట్టిన వరల్డ్ సిరీస్‌లో చేరిన ఆటగాళ్ల విషయంలో బోర్డుతో తగాదా వచ్చి 1978లో గయానా టెస్టుకు ముందు లాయిడ్ కెప్టెన్సీ వదిలేశాడు. ప్యాకర్ జట్టుకు వ్యాయామ శిక్షకుడిగా వచ్చిన ఆస్ట్రేలియన్ డెనిస్ వెయిట్ తర్వాత ఏళ్ల తరబడి వెస్టిండీస్‌తోనే ఉండిపోయాడు. పేసర్ల దేహదారుఢ్యానికి పునాది వేసింది అతనే. బోర్డు ఇవ్వలేనిది బయటి యజమాని ఇవ్వడం అప్పుడూ జరిగింది.

ఇక్కడ చరిత్రకారుడు హిలరీ బెకిల్స్‌తో నాకు కొంత పేచీ ఉంది. జాతీయవాద యుగం నాటి ఆటగాడికి సమాజం పట్ల బాధ్యత ఉండేదని, ప్రపంచీకరణ యుగంలో అతను తన బేరం తాను చూసుకునే వృత్తి నిపుణుడయ్యాడని ఆయన విశ్లేషణ సారాంశం. రిచర్డ్స్ తరం ఆత్మగౌరవం నిజమైనదే, సందేహం లేదు. కానీ ఆ తరమూ బేరం చూసుకుంది. తేడా ఏమిటంటే, అప్పటి యజమాని కొన్నది మూడు రోజుల ఆట. కౌంటీలో పదును తేలిన విద్య నేరుగా టెస్టుకు పనికొచ్చింది. వన్డేలకూ పనికొచ్చింది, ఎందుకంటే కౌంటీలు ఒక్కరోజు టోర్నీలూ ఆడేవి. 1975 ఫైనల్లో 85 బంతుల్లో 102 చేసిన లాయిడ్, 1979 ఫైనల్లో 138 నాటౌట్‌గా నిలిచిన రిచర్డ్స్ టెస్టు జట్టు నుంచి వేరుగా తయారైన నిపుణులు కారు. వాళ్ల జీవితంలో పొట్టి ఆట, పొడుగు ఆట ఒకే ఉద్యోగంలో రెండు షిఫ్టులు.

తర్వాత కౌంటీలు తలుపులు సన్నం చేసుకున్నాయి. 1990ల నాటికి ఒక్కో కౌంటీకి ఒక్క విదేశీ ఆటగాడే. ఆ చివరి పంటలో నార్తాంప్టన్‌షైర్‌కు ఆడిన ఆంబ్రోస్, గ్లోస్టర్‌షైర్‌కు ఆడిన వాల్ష్, 1994లో వార్విక్‌షైర్ తరఫున 501 కొట్టిన లారా ఉన్నారు. 2000లో ఆంబ్రోస్, 2001లో 519 వికెట్లతో వాల్ష్ వెళ్లిపోయారు. ఆ ఖాళీ నేటికీ నిండలేదు. అమెరికన్ బాస్కెట్‌బాల్ పిల్లలను లాక్కుపోయిందన్న వాదన ఒకటుంది గానీ, అదే నిజమైతే టీ20కి మాత్రం అంత బలమైన కుర్రాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?

కొత్త యజమాని తొలుత ఆంటిగ్వాలోనే ప్రత్యక్షమయ్యాడు. టెక్సాస్ పెట్టుబడిదారు అలెన్ స్టాన్‌ఫర్డ్ 2006లో ద్వీపాల మధ్య టీ20 టోర్నీ పెట్టాడు. 2008 నవంబర్ 1న అతని సూపర్‌స్టార్స్ జట్టు ఇంగ్లండ్‌ను 99కి కుప్పకూల్చి పది వికెట్లతో గెలిచింది. మైదానంలో దిగిన పదకొండు మందికీ తలా పది లక్షల డాలర్లు. స్టాన్‌ఫర్డ్ సామ్రాజ్యం మోసమని 2009లో తేలింది, అతను జైలుకు పోయాడు. కానీ ఇరవై ఓవర్ల పనికి ఎంత కూలి రావచ్చో ద్వీపాలకు తెలిసిపోయింది. అప్పటికే ఐపీఎల్ మొదలైంది, 2013లో కరీబియన్ ప్రీమియర్ లీగ్ వచ్చింది.

కొత్త కొలువు ఏం నేర్పిందో 2016 సెమీఫైనల్ చూపించింది. ముంబై వాంఖడేలో భారత్ 192 చేసింది, కోహ్లీ 89 నాటౌట్. వికెట్ల మధ్య పరుగులో భారత్‌దే పైచేయి. వెస్టిండీస్ ఆ పరుగు పందెంలో దిగనేలేదు. 20 ఫోర్లు, 11 సిక్సర్లతో 146 పరుగులు బౌండరీల్లోనే రాబట్టింది. భారత్‌కు అలా వచ్చినవి 92. ఖాళీ బంతులు పోతే పోనీ, ఓవర్‌కు రెండు పెద్ద దెబ్బలు పడితే చాలన్న ఈ లెక్క అప్పటికి అన్ని జట్లకూ అబ్బలేదు. 82 నాటౌట్‌తో గెలిపించిన లెండిల్ సిమన్స్ గాయపడ్డ ఆటగాడి స్థానంలో అప్పటికప్పుడు విమానమెక్కి వచ్చినవాడు. అయినా ఆ పిచ్ అతనికి కొత్త కాదు, ముంబై ఇండియన్స్ ఉద్యోగిగా అది అతని సొంత మైదానం. ఇంగ్లండ్‌తో జరిగిన ఫైనల్లో 16 పరుగులకు రెండు వికెట్లు తీసిన లెగ్ స్పిన్నర్ శామ్యూల్ బద్రీ ఎన్నడూ టెస్టు ఆడలేదు. చివరి ఓవర్లో 19 కావాల్సి ఉండగా స్టోక్స్ బౌలింగ్‌లో వరుసగా నాలుగు సిక్సర్లు కొట్టిన కార్లోస్ బ్రాత్‌వైట్ కెరీర్ మొత్తంలో ఆడినవి మూడు టెస్టులు, ఆండ్రీ రసెల్ ఆడింది ఒక్కటి. కార్లోస్ లాగే బార్బడోస్ నుంచి వచ్చిన క్రెయిగ్ బ్రాత్‌వైట్ 2025లో నూరో టెస్టు పూర్తి చేశాడు, అంతర్జాతీయ టీ20 ఒక్కటీ ఆడలేదు. ఇప్పుడు షిఫ్టులు కాదు, వేర్వేరు ఉద్యోగాలు.

2016 ఫైనల్ రోజే అదే కోల్‌కతా మైదానంలో స్టెఫనీ టేలర్ నాయకత్వంలో మహిళల జట్టు ఆస్ట్రేలియాను ఓడించి కప్పు గెలిచింది. ఆ జట్టు చివరిసారి టెస్టు ఆడింది 2004లో. టెస్టే లేని చోట టెస్టును నిర్లక్ష్యం చేశారని ఎవరిని నిందిస్తాం?

2014 అక్టోబర్‌లో వెస్టిండీస్ జట్టు భారత పర్యటన మధ్యలోనే ఆగిపోవడాన్ని మన పత్రికలు డబ్బాశగా రాశాయి. హుద్‌హుద్ తుపానుతో విశాఖ వన్డే రద్దయింది. ధర్మశాల వన్డే తర్వాత డ్వేన్ బ్రావో బృందం ఇంటిదారి పట్టడంతో హైదరాబాద్‌లో జరగాల్సిన టెస్టు సహా మిగతా పర్యటన గల్లంతయింది. తగాదా మూలం ఆసక్తికరం. ఆటగాళ్ల సంఘం బోర్డుతో కుదుర్చుకున్న కొత్త ఒప్పందం అంతర్జాతీయ ఆటగాళ్లకు వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని ప్రాంతీయ క్రికెటర్లకు మళ్లించింది. ఆరు ఫ్రాంచైజీలకు పదిహేను మంది చొప్పున 90 మందికి ఏడాది పొడవునా జీతం ఇవ్వాలన్నది ప్రణాళిక. పొడుగు ఆటకు స్వదేశంలో తొలిసారి ఒక యజమానిని పుట్టించే ప్రయత్నం అది. దాని ఖర్చు మాత్రం సీనియర్ల జేబు నుంచి, వాళ్లను సరిగా సంప్రదించకుండానే తీశారు. ఉద్దేశం మంచిదే, చేసిన తీరు అన్యాయం. బ్రావో, పొలార్డ్ 2015 ప్రపంచకప్ జట్టులో లేకపోవడం దానికి కొసరు.

బోర్డు పేదరికం కల్పన కాదు. 2024–27 కాలానికి ఐసీసీ ఆదాయంలో భారత బోర్డు వాటా 38.5 శాతం, వెస్టిండీస్‌ది 5 శాతం లోపు. ద్వైపాక్షిక సిరీస్‌లో ప్రసార ఆదాయం ఆతిథ్య దేశానిదే, విమాన ఛార్జీలు అతిథివి. ఐదు రోజుల ఆట ఆడిన ప్రతిసారీ డబ్బు పోగొట్టుకునే సంస్థ ఆ ఆటను కాపాడాలని మనం కోరుతున్నాం.

పోనీ టీ20లోనైనా ఆ పైచేయి నిలిచిందా అంటే అదీ లేదు. 2021లో దుబాయ్‌లో ఇంగ్లండ్ చేతిలో 55కి ఆలౌట్, 2022లో స్కాట్లాండ్, ఐర్లాండ్ చేతుల్లో ఓడి తొలి దశలోనే ఇంటికి. ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యం అనిపించవచ్చు. నిజానికి కరీబియన్లు ఆ బడిలో అందరికంటే ముందు చేరారు, తర్వాత ప్రపంచమంతా చేరింది. పైగా లీగ్ తయారుచేసేది వ్యక్తులను. వాళ్లు వెస్టిండీస్ జట్టుకు ఎప్పుడు తీరిక చేసుకుంటారన్నది లీగుల క్యాలెండర్ చేతిలో ఉంటుంది. నికోలస్ పూరన్ 2025లో 29 ఏళ్లకే అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పాడు. టెస్టు అతనూ ఆడలేదు. మరుసటి నెలలోనే జమైకాలో టెస్టు జట్టు ఆస్ట్రేలియా మీద 27 పరుగులకు ఆలౌటైంది. స్టార్క్ తొమ్మిది పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. బోర్డు లాయిడ్, రిచర్డ్స్, లారాలను సలహాకు పిలిచింది. ముగ్గురూ ఇంగ్లిష్ కౌంటీల్లో ఆడినవాళ్లే.

2024 జనవరి 28ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పల్‌లో భారత్ ఇంగ్లండ్‌కు తలవంచిన రోజే బ్రిస్బేన్‌లో వెస్టిండీస్ 8 పరుగులతో ఆస్ట్రేలియాను ఓడించింది. ఆ గడ్డ మీద 1997 తర్వాత అదే తొలి టెస్టు గెలుపు. కాలి వేలికి దెబ్బ తగిలినా 68 పరుగులకు ఏడు వికెట్లు తీసిన షమార్ జోసెఫ్ గయానాలో పడవ మీద తప్ప చేరలేని బరకారా అనే పల్లె నుంచి వచ్చాడు, అంతకు కొంతకాలం ముందు సెక్యూరిటీ గార్డు. మార్షల్ కాలంలో అయితే ఏదో ఒక కౌంటీ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, వేసవంతా అతనితో మూడు రోజుల మ్యాచ్‌లు వేయించేది. ఈ కాలంలో మాత్రం కొద్ది వారాల్లోనే ఐపీఎల్ జట్టు లక్నో సూపర్ జెయింట్స్ అతన్ని మూడు కోట్ల రూపాయలకు తీసుకుంది. ఆ సీజన్‌లో ఆడించింది ఒక్క మ్యాచ్.